ఎరువు సొమ్ము

1

తెలుగులో ఎరువు అనే మాటకు రెండర్థాలున్నాయి. పొలానికి తోలేది ఎరువు. పొరుగింటి నుంచి తెచ్చుకుని, వాడుకుని, తిరిగి ఇచ్చివేయవలసినది కూడా ఎరువే. రెండవ అర్థంలో ఎరవు అనే రూపం వుంది గాని, వాడుకలో అదీ ఎరువుగానే స్థిరపడింది. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత. క్లాసులో ఈ సామెత వచ్చినప్పుడల్లా పట్నపు పిల్లలు యూరియా బస్తాలను తలచుకుని తికమకపడతారు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు పెంటబండ్లను తలచుకుని తికమకపడతారు. ఎరువంటే అడిగి తెచ్చుకున్న నగలని చెప్పిన తరువాత ఇద్దరూ నవ్వుతారు. ఈ రెండు మాటలకూ మూలం ఒకటేనా అనే వ్యుత్పత్తి వాదంలోకి నేను దిగటం లేదు. వ్యుత్పత్తి ఎట్లా వున్నా, అర్థశాస్త్రంలో రెండూ ఒకటే. నేల దగ్గర తెచ్చుకున్నదాన్ని నేలకు తిరిగి చెల్లించటం పేరే ఎరువు. చెల్లించకపోతే దాన్ని అప్పు ఎగవేయటం అనాలి.

ఈ వ్యాసం ఆ అప్పును గురించి. మూడేళ్ళుగా మా ఇంట్లో వంటింటి తడి చెత్తను ఎరువు చేస్తున్నాం. ఆ పనిలో నాకు కనిపించిన విషయాలు ఇంటి గోడ దాటి చాలా దూరం పోయాయి గనక రాస్తున్నాను. సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో కూరగాయల తొక్కలేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నిజానికి చెత్త అనే మాటను మన విమర్శకులు వాడినంత ధారాళంగా మునిసిపాలిటీవారు కూడా వాడరు. నచ్చని పద్యం చెత్త, నచ్చని నవల చెత్త. ఇంత తరచుగా వాడే ఉపమానం వెనుక వున్న అసలు వస్తువు ఏమిటో, అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతున్నదో ఒకసారి చూడటం విమర్శకుడికి తగని పని కాదనుకుంటాను.

2

నాచారంలో మేం అద్దెకు వుంటున్నది కింది వాటా. ఇంటి వెనుక ప్రహరీ గోడకూ వంటగదికీ మధ్య పదిహేను గజాల నేల వుంది. నేల అనటం మర్యాదకే. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, మొరం కలిసిన ఎర్రమట్టి అది. తెలంగాణ చెల్క నేలల్లో సేంద్రియ పదార్థం, నత్రజని సహజంగానే తక్కువ. నీళ్ళు నిలవవు. దాని మీద కట్టడపు చెత్త పడితే ఇక ఆ నేలలో మొలిచేది వయ్యారిభామ ఒక్కటే.

ఈ ప్రాంతం ఎప్పుడూ ఇట్లా వుండలేదు. ఉప్పల్‌లో భగాయత్ అనే పేటను మెట్రో రైలెక్కే విద్యార్థులందరూ ఎరుగుదురు. ఆ మాట ఫార్సీ బాగ్ నుంచి వచ్చింది. నిజాం కాలపు రెవిన్యూ లెక్కల్లో తరి అంటే నీటి సాగు, ఖుష్కి అంటే మెట్ట, బాగాత్ అంటే తోట భూమి. ఉప్పల్ భగాయత్ అంటే మూసీ ఒడ్డున వున్న ఉప్పల్ తోటభూములని అర్థం. ఆ భూములను రైతుల నుంచి సేకరించి, లేఅవుట్ వేసి, 2019లో హెచ్.ఎం.డి.ఏ. ప్లాట్లుగా వేలం వేసింది. తోట పోయి పేరు మిగిలింది. నగరం ఒక నేలను మింగేటప్పుడు దాని పేరును మాత్రం అరిగించుకోలేదు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపురం చెరువు, నాచారం చెరువు కూడా ఇట్లాగే, ఒకప్పుడు పొలాలకు నీళ్ళూ ఒండ్రూ ఇచ్చినవి. ఇప్పుడు మురుగు కలిసే గుంటలుగా, ఆక్రమణల తగాదాలుగా పత్రికలకు ఎక్కుతున్నాయి.

మా ఇంట్లో నలుగురం. కూరగాయల తొక్కలు, తొడిమలు, వాడిన టీపొడి, అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, కరివేపాకు రెబ్బలు అన్నీ కలిపి ఒక నెలపాటు తక్కెడలో వేసి తూచాను. రోజుకు ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ. అంటే ఏడాదికి రెండున్నర క్వింటాళ్ళకు పైమాట. అందులో నీళ్ళే ఎక్కువ భాగం. ఎరువయ్యేసరికి యాభై కిలోలు మిగిలితే గొప్ప.

పని సులువైనదే గాని, దానికొక క్రమం వుంది. పక్కలకు రంధ్రాలు పొడిచిన మూడు మట్టి గోలేలు. అడుగున కొబ్బరి పీచు. దాని మీద రోజువారీ తడి చెత్త, ప్రతిసారీ దానికి రెండింతల ఎండుటాకు. మా వీధిలో కానుగ, వేప చెట్లున్నాయి. మాఘ ఫాల్గుణాల్లో అవి రాల్చే ఆకును పొద్దున్నే ఊడ్చి ఒకచోట పోసి తగలబెట్టటం ఆచారం. మేం రెండు గోనె సంచులతో ముందే వెళ్ళి ఎత్తుకొస్తాం. మొదట్లో ఒక గరిటెడు పుల్లమజ్జిగ చిలకరిస్తే సూక్ష్మజీవులు త్వరగా అందుకుంటాయి. నాలుగైదు రోజులకొకసారి కర్రతో కలియబెట్టాలి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. నూనె కూరలు, ఎముకలు వెయ్యకూడదు. మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. జల్లెడ పట్టి, మిగిలిన పుల్లలను మళ్ళీ గోలెంలో వెయ్యాలి.

ఎండుటాకు ఎందుకు? సూక్ష్మజీవికి తిండిలో కర్బనమూ నత్రజనీ రెండూ కావాలి. సుమారు ఇరవై అయిదు, ముప్పై పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని వుంటే దానికి పని హాయిగా సాగుతుంది. వంటింటి తడిలో నత్రజని ఎక్కువ, ఎండుటాకులో కర్బనం ఎక్కువ. రెండూ కలిస్తే పొత్తు కుదురుతుంది. పైగా ఆకు మధ్యలో గాలి నిలుస్తుంది. గాలి ఆడని చోట వేరే జాతి సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. అప్పుడే కుళ్ళిన గుడ్ల కంపు, నల్లటి ఊట.

ఇక్కడ మన భాష ఎంత తెలివైనదో చూడండి. గాలి లేకుండా చెడిపోతే కుళ్ళటం అంటాం. గాలితో, వేడితో, కాలంతో మారితే మాగటం అంటాం, చివకటం అంటాం. రైతు ఎప్పుడూ కుళ్ళిన ఎరువు అనడు, బాగా మాగిన ఎరువు అంటాడు. మామిడికాయకూ పెంటకుప్పకూ ఒకే క్రియ వాడిన ఆ రైతు ఏ ప్రయోగశాలా చూడలేదు. కాని రెండు రసాయన చర్యల తేడాను క్రియాపదంలోనే పెట్టుకున్నాడు. ఇది వేల ఏళ్ళ శ్రమానుభవం భాషలో నిలవచేసుకున్న జ్ఞానం. నిఘంటువుకారులు దీన్ని పర్యాయపదాల కింద రాసి వదిలేస్తారు.

మొదటి ఏడాది మొరంలో ఏమీ కాయలేదు. రెండవ ఏడాది తోటకూర, గోంగూర వచ్చాయి. మూడవ ఏడాది బెండ, టమాటా, గోడ మీదికి ఒక బీరపాదు. పార పెడితే ఎర్రలు కనబడుతున్నాయి. డార్విన్ తన చివరి పుస్తకాన్ని, 1881లో, వానపాములు మట్టిని తయారుచేసే తీరు మీద రాశాడు. జాతుల పుట్టుకను గురించి రాసిన చేత్తోనే వానపాము గురించి రాయటం ఆయనకు చిన్నతనం అనిపించలేదు. మన పండితులకు మాత్రం అనిపిస్తుంది.

3

ఆ చిన్నతనం సంగతి చూడాలి. గోలెంలో చెయ్యి పెట్టిన మొదటి నెలలోనే నాకు దాని రుచి తెలిసింది. కాలేజీలో సాటి అధ్యాపకుడొకాయన, మంచివాడే, అభ్యుదయ సభలకు వచ్చేవాడే, నాతో నవ్వుతూ అన్నాడు: “ఏమండీ, ఎం.ఏ. చదివి ఈ పనేమిటి?” చెట్లు పెంచుతున్నానంటే ఎవరూ ఆ ప్రశ్న అడగరు. గులాబీకి అంటు కడుతున్నానంటే ముచ్చట పడతారు. అభ్యంతరం తోట మీద లేదు, పెంట మీద వుంది. మన సమాజంలో పువ్వుకొక కులం, పువ్వు పాదులో వేసేదానికొక కులం.

మా వీధికి చెత్త బండి రోజూ ఉదయం వస్తుంది. భర్త బండి నడుపుతాడు. భార్య వెనక నిలబడి ఇళ్ళవాళ్ళు ఇచ్చిన సంచులను చేతులతో విప్పి, సీసాలు, అట్టలు, ప్లాస్టిక్ వేరుచేస్తుంది. వాళ్ళ బతుకు ఇంటింటి నెలవారీ డబ్బు మీద, ఈ వేరుచేసి అమ్ముకున్న సామాను మీద. 2015లో నగరంలో ఇంటికి రెండు డబ్బాలు పంచారు. తడికి ఆకుపచ్చది, పొడికి నీలంది. మా వీధిలో చాలా ఇళ్ళలో ఒకటి బియ్యానికి, ఒకటి నీళ్ళకు పనికొచ్చింది. చెత్త మాత్రం ఒకే సంచిలో పోతున్నది. అన్నమూ, పాలకవరూ, చంటిపిల్లల డైపరూ, పగిలిన గాజూ కలిసిన ఆ సంచిని విప్పవలసినది ఆమె.

మేం తడిది ఇవ్వటం మానేసిన కొన్నాళ్ళకు ఆమె నన్నడిగింది.

“సార్, మీ ఇంట్ల వండుకుంటలేరా?”

విషయం చెప్పాను. గోలేలు చూపించాను. ఆమె వంగి చూసి, ఒక పిడికెడు తీసి వాసన చూసింది.

“తడిది లేకుంటే మాకు చెయ్యి తేలికైతది. అట్టలు నానవు, నాలుగు పైసలు ఎక్కువొస్తయి” అంది. తరవాత నవ్వి, “మీరు జేస్తే ఎరువంటరు సార్. మేం జేస్తే చెత్తోళ్ళంటరు” అంది.

ఈ మాటకు జవాబు వెతికితే నాకు పుస్తకాలలో దొరకలేదు. ఒకే వస్తువు, ఒకే చెయ్యి, ఒకే పని. ఒకచోట అది అభిరుచి, మరొకచోట అపవిత్రత. తేడా పనిలో లేదు, పనిచేసే మనిషి పుట్టుకలో వున్నదని ఈ దేశం నమ్మింది. 1993లో పాకీపనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. కోలారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు కలిసి సాగించిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఆ చట్టాలను కాగితం మీద నుంచి నేల మీదికి దించటానికి పోరాడింది. కాని చెత్తకూ కులానికీ వున్న ముడి పాకీదొడ్లతో ఆగలేదు. ప్రతి ఇంటి గుమ్మంలో, ముడివేసి విసిరిన ప్రతి సంచిలో అది వుంది.

అందుకని ఇంట్లో ఎరువు చెయ్యటంలో మొదటి విలువ నా దృష్టిలో బీరకాయలు కావు. నేను తిన్నదాని మిగులును నా చేత్తో నేను ముట్టుకోవటం. ఇది కులాన్ని నిర్మూలించదు. అంత మాట నేననను. కాని నా అశుభ్రతను మోయటానికి మరొకరు పుట్టారనే భావన మీద రోజుకొక దెబ్బ వేస్తుంది.

ఇంటిలోపలి సంగతి కూడా చెప్పాలి. ఎరువు గురించి ఉపన్యసించే మగవాళ్ళ ఇళ్ళలో చాలా చోట్ల తొక్కలు ఏరేది, గోలెం కలిపేది, పురుగులు పట్టినప్పుడు కడిగేది ఆడవాళ్ళే. ఉద్యోగమూ వంటా చేసి అలసిన మనిషి మీద ప్రకృతి ప్రేమ పేరున మూడవ పని వెయ్యటం ప్రగతి కాదు. మా ఇంట్లో ఆ పని నాది, మా అబ్బాయిది. మా ఆవిడ ఉప్పల్‌లో బడిపంతులమ్మ. తొక్కలు వేరే గిన్నెలో వెయ్యటం వరకే ఆమె వంతు. ఈ ఏర్పాటు మా ఇంట్లో చర్చించి చేసుకున్నదే.

4

ఇక ఇల్లు దాటుదాం. మేం తినే బియ్యం నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వస్తాయి. కూరగాయలు ఇబ్రహీంపట్నం, చేవెళ్ళ, వికారాబాదు నుంచి వస్తాయి. వాటితోపాటు ఆ పొలాల నత్రజని, భాస్వరం, పొటాషియం కూడా లారీలెక్కి వస్తాయి. అవి మళ్ళీ వెనక్కు పోవు. మా వంటింటి మిగులు జవహర్‌నగర్ పోతుంది. ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాదు చెత్త రోజుకు 7,000 టన్నుల పైమాట. అందులో సగానికి సగం తడి. గాలి ఆడకుండా కొండలా పేరుకున్న తడి చెత్త మీథేన్‌ను వదులుతుంది. నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఊట మల్కారం చెరువుకు చేరింది. ఆ చుట్టుపక్కల బస్తీల ప్రజలు నీళ్ళకోసం, గాలికోసం ఏళ్ళతరబడి ఆందోళన చేశారు. నగరం మధ్యలో వున్నవాడి శుభ్రత నగరం అంచున వున్నవాడి రోగమయింది.

అటు పొలాలు ఖాళీ అయ్యాయి గదా, వాటికేమిటి? రామగుండం. అక్కడి పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో కొత్త రూపంలో సహజవాయువుతో మళ్ళీ యూరియా చెయ్యటం మొదలుపెట్టింది. ఒక చివర తోడి పారెయ్యటం, మరొక చివర గ్యాసు కాల్చి తయారుచెయ్యటం. రెంటికీ మధ్య రైలు, లారీ, సబ్సిడీ, కాంట్రాక్టు. దీన్ని నాగరికత అంటున్నాం.

ఈ తెగిన గొలుసును మొదట గమనించినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్. 1840లో, మరింత ఘాటుగా 1862లో, నేల నుంచి తీసుకున్న లవణాలను తిరిగి ఇవ్వని సేద్యం దోపిడీ సేద్యమేనని వాదించాడు. మార్క్స్ ఆయన్ను శ్రద్ధగా చదివాడు. 1867లో అచ్చయిన కాపిటల్ మొదటి సంపుటంలో, యంత్రాలను గురించిన సుదీర్ఘమైన అధ్యాయం చివర, పెట్టుబడిదారీ విధానం జనాన్ని పట్టణాలలో కుప్పపోసి మనిషికీ నేలకూ మధ్య జరగవలసిన పదార్థ వినిమయాన్ని భగ్నం చేస్తున్నదనీ, శ్రామికుణ్ణీ నేలనూ రెంటినీ పిండుతున్నదనీ రాశాడు. మూడవ సంపుటంలో, లండన్‌లోని 45 లక్షల మంది విసర్జనను ఎరువు చేసుకునే దారి లేక ఖర్చుపెట్టి మరీ థేమ్స్ నదిని మురికి చేస్తున్నారని ఎత్తిపొడిచాడు. మన మిత్రులు కాపిటల్‌లో అదనపు విలువను చదివినంత ఆసక్తిగా ఈ పుటలు చదవలేదు. థేమ్స్ అన్నచోట మూసీ అని పెట్టి చదివితే వ్యాఖ్యానం అక్కరలేదు.

మన దేశానికి ఈ విద్య కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి ఇందోర్‌లో పనిచేసి, యశ్వంత్ వాద్‌తో కలిసి 1931లో ప్రకటించిన ఇందోర్ పద్ధతి ప్రపంచమంతా పాకింది. తనకు చైనా, భారతదేశ రైతులు గురువులని హోవర్డ్ దాచలేదు. బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య 1939లో పట్టణాల చెత్తను గోతుల్లో పొరలుగా వేసి మాగబెట్టే పద్ధతిని రూపొందించాడు. అధికాహారోత్పత్తి ఉద్యమం రోజుల్లో మునిసిపాలిటీలు దాన్ని అనుసరించాయి. తరువాత యూరియా చవక అయింది, మునిసిపల్ గోతులు పూడిపోయాయి.

యూరియాను శాపనార్థాలు పెట్టటం నా వుద్దేశం కాదు. యూరియాలో నత్రజని 46 శాతం. మా గోలెం ఎరువులో ఒక శాతం వుంటే ఎక్కువ. నూట నలభై కోట్ల మందికి కూడు పెట్టేది గోలేలు కావు. కాని యూరియా పైరుకు తిండి పెడుతుంది, నేలకు పెట్టదు. నేలలో నీటిని పట్టివుంచేది, వేళ్ళకు చోటు చేసేది, సూక్ష్మజీవులను పోషించేది సేంద్రియ పదార్థం. అది లేని నేలకు ఎన్ని బస్తాలు పోసినా సగం గాలికి, నీటికి పోతుంది.

5

మా అమ్మ భువనగిరి దగ్గర పల్లెలో వుంటుంది. ఈ సంక్రాంతికి వచ్చి గోలేలు చూసింది. ఆమె చిన్నప్పుడు వంటింటి మిగులు కుడితి గోలెంలో పడేది. కడుగు, గంజి, కూరల తొక్కలు అన్నీ బర్రెకు. బర్రె పేడ పెంటబొందకు. పెంట ఎండాకాలంలో బండ్లమీద చేనుకు. అందుచేత ఆ తరానికి చెత్త అనేదే దాదాపు లేదు. ఆ పద్ధతిని పొగిడి ఊరుకోవటానికి మాత్రం నాకు మనసొప్పదు. ఆ పెంట ఎవరు తవ్వారు, ఎవరు తట్టలకెత్తి మోశారు, ఎవరి చేన్లకు మోశారు అని అడిగితే వెట్టి చరిత్ర అంతా బయటికొస్తుంది.

అమ్మ అంతా చూసి, మట్టి చేతిలోకి తీసుకుని, “మంచిగైంది. ఇల్లు మనదా బిడ్డా?” అంది. కాదని ఆమెకు తెలుసు. “కౌలు చేన్ల పెంట ఎవడు తోలుతడు?” అని కూడా తనే అంది.

ఆ ప్రశ్నలో వున్నంత అర్థశాస్త్రం నేను చదివిన వ్యాసాలలో లేదు. యూరియా ఈ పంటలోనే ఫలితమిస్తుంది. పెంట మూడేళ్ళకు, అయిదేళ్ళకు ఇస్తుంది. వచ్చే ఏడు ఈ చేను నాది అవునో కాదో తెలియని కౌలు రైతు పెంట తోలడు, యూరియా చల్లుతాడు. తోలితే బాగుపడిన నేలకు కౌలు పెంచి దొర మరొకరికి ఇస్తాడు. నేలలో కౌలుదారు పెట్టిన శ్రమ గడువు తీరగానే భూస్వామి ఆస్తి అయిపోవటాన్ని మార్క్స్ మూడవ సంపుటంలో విడిగా చర్చించాడు. తెలంగాణ రైతాంగ పోరాటపు వేడిలో వచ్చిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు డబ్బిచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. నేల సారం తగ్గిపోతున్నదని సదస్సులలో వాపోయేవారు నేల మీద హక్కు ఎవరికుందో అడగరు. రైతుకు సేంద్రియ వ్యవసాయం మీద శిక్షణ ఇస్తారు. కౌలు పత్రం ఇవ్వరు.

పట్నంలో అద్దెకున్నవాడి స్థితి కూడా ఇదే జాతిది. ఫాల్గుణంలో మా ఇంటాయన వచ్చి పెరడు చూశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“సార్, ఏమనుకోకండ్రి. ఈ జాగంతా టైల్స్ ఏపిద్దామనుకుంటున్న. పై వాటా వాళ్ళకు కారుంది. పార్కింగు చూపిస్తే అద్దె కూడ మంచిగొస్తది.”

మూడేళ్ళు కష్టపడిన మట్టి అని నేను చెప్పాను.

“మట్టి మీది కాదుగద సార్” అన్నాడు. చట్టప్రకారం ఆయన అన్నది సరి అయినదే.

పదకొండు నెలల ఒప్పందం ఈ శ్రావణంలో ముగుస్తుంది. ఆ లోగా ఎత్తుకోగలిగినంత మట్టిని సంచులకెత్తుతున్నాం. కొంత మా వీధి బడి ఆవరణలో పిల్లల మడికి చేర్చాం. కొంత బండి నడిపే దంపతులు తమ గుడిసె ముందు చిక్కుడు పాదుకు పట్టుకెళ్ళారు. మిగిలింది టైల్స్ కిందికి పోతుంది. ఎర్రలను ఎత్తటం సాధ్యం కాదు.

ఈ నష్టం నా ఒక్కడిదే అయితే రాయవలసిన పని లేదు. ఉప్పల్, నాచారం, మల్లాపురం, చిలకానగర్‌లలో అద్దెకుండే కార్మికుల, గుమాస్తాల కుటుంబాలెన్నో వున్నాయి. వాళ్ళలో చాలామంది తోటలు, చేన్లు వదిలి వచ్చినవాళ్ళు. చేతిలో విద్య వుంది, కాలికింద మట్టి లేదు. మట్టి వున్నవాడికి అది కారు నిలిపే జాగా.

6

ఇప్పుడు ఒక గట్టి ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. వ్యవస్థ మారకుండా ఎవరింట్లో వాళ్ళు గోలెం పెట్టుకుంటే ఏం లాభం, ఇది మధ్యతరగతి ఆత్మతృప్తి కాదా అని ఒక విద్యార్థి మిత్రుడు నన్ను నిలదీశాడు. ప్రశ్న న్యాయమైనది. ఖరీదైన ప్లాస్టిక్ డబ్బా తెప్పించి, దాని పక్కన నిలబడి ఫొటో దిగి, సాయంత్రానికి చెత్త బండి మనిషితో పది రూపాయలకు బేరమాడే పెద్దమనిషి నాకూ తెలుసు. ఒక్కొక్క ఇంటి పుణ్యం లెక్క కూడితే నగరం బాగుపడుతుందనే సిద్ధాంతం, ఒక్కొక్క ధనికుడి దానం కూడితే పేదరికం పోతుందనే సిద్ధాంతానికి తోబుట్టువు. పైగా చెత్త పారవేసే పనిని టన్నుకింత అని ప్రైవేటు కాంట్రాక్టుకిచ్చిన చోట, చెత్త తగ్గటం ఎవరికి లాభం? విద్యుత్తు కోసం చెత్తను కాల్చే కర్మాగారానికి తడి చెత్త పనికిరాని ఇంధనం. ముందు దాని నీటిని ఆవిరి చెయ్యటానికే వేడి ఖర్చవుతుంది. అయినా తడిని వేరుచేసి పొలానికి పంపే మార్గం మాత్రం రహదారి కాలేదు.

కాని ఆక్షేపణలో ఒక లోపం వుంది. ఇంటి పని, వ్యవస్థ పని అని రెంటినీ విడదీసి, ఒకటి చేసేవాడు మరొకటి చెయ్యడని అది అనుకుంటుంది. గోలెంలో చెయ్యి పెట్టిన తరువాతనే నేను బండి మీద మనిషి జీతం అడిగాను, జవహర్‌నగర్ వెళ్ళి చూశాను, కౌలు చట్టం చదివాను. పని మనిషిని ప్రశ్నల దగ్గరకు తీసుకుపోతుంది. అక్కడితో ఆగిపోతే తప్పు మనిషిది, పనిది కాదు.

సామూహికంగా చెయ్యవచ్చుననటానికి దృష్టాంతాలు దూరాన లేవు. సూర్యాపేట పురపాలక సంఘం 2000 తరువాతి తొలి సంవత్సరాల్లోనే ఇంటింటి సేకరణ పెట్టి, వీధి కుండీలు తీసివేసి, తడి చెత్తను వానపాముల ఎరువు చేసి దేశంలో పేరు తెచ్చుకుంది. మా ఇంటికి కూతవేటు దూరంలో, తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞుల పరిజ్ఞానంతో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల మిగులు నుంచి గ్యాసు తీసి, 500 యూనిట్ల దాకా విద్యుత్తు తయారుచేశారు. సోవియట్ యూనియన్ 1991లో కూలిన తరువాత ఎరువులూ చమురూ ఆగిపోయిన క్యూబాలో, హవానా నగరపు ఖాళీ స్థలాలను సాగుచేసుకునే హక్కును ప్రభుత్వమే ప్రజలకిచ్చింది. కంపోస్టు మడులలో నగరం కూర పండించుకుంది. అక్కడ ముందు ఇచ్చింది హక్కు అని గమనించాలి. ఎరువు దాని వెనక వచ్చింది.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే వున్నాయి. ఎక్కువ తడి చెత్త పుట్టించే ఫంక్షన్ హాళ్ళు, హోటళ్ళు, పెద్ద అపార్టుమెంట్లు తమ ఆవరణలోనే దాన్ని మాగబెట్టాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు పెద్ద ఉత్పత్తిదారుల మీద ఈ బాధ్యత పెట్టాయి. అమలు అడగాలి. కాలనీ పార్కులలో, బడులలో, రైతు బజార్ల పక్కన గోతులు, కొట్టాలు వుండాలి. అక్కడ పనిచేసేవారికి మునిసిపల్ ఉద్యోగం, జీతం, చేతి తొడుగులు, వైద్యం వుండాలి. తయారైన ఎరువు కూరగాయలు తెచ్చిన లారీలోనే తిరిగి పొలానికి పోవాలి. ఆ పొలంలో కౌలుదారుకు భద్రత వుండాలి. ఇందులో ఏ ఒక్కటి విడదీసినా గొలుసు అతకదు.

చివరగా మన సాహిత్యం మాట. భావకవులు పువ్వును చూశారు గాని పాదును చూడలేదని మనం ఎగతాళి చేశాం. శ్రీశ్రీ రోజువారీ అల్ప వస్తువులకు కవిత్వంలో పౌరసత్వం ఇచ్చాడు. జాషువా 1941లో గబ్బిలం చేత అరుంధతీ సుతుడి ఆకలిని విశ్వేశ్వరుడికి నివేదించాడు. తరవాతి అభ్యుదయ కవిత్వంలోకి నాగలి వచ్చింది, కొడవలి వచ్చింది, చెమట వచ్చింది, నెత్తురు వచ్చింది. పెంట మాత్రం తిట్టుగానే మిగిలింది. తన మిగులును తానే మొయ్యవలసిన బాధ్యతను గురించి, దాన్ని మోస్తున్న చేతుల గురించి రాసినవారిలో దళిత రచయితలే ముందున్నారు. అది వాళ్ళ ఒక్కరి వస్తువు కాదు. ధాన్యాన్ని పాడిన కవి ధాన్యం పుట్టిన నేలకు మనం బాకీ వున్నామని కూడా పాడవలసి వుంది. ఆ బాకీ కాగితం మీద సంతకం మనందరిది. వాయిదా ఎప్పుడో దాటిపోయింది.